అమ్మానాన్నలకు లాయరు అవసరమా? సంతకం పెట్టకముందైతే తప్పకుండా అవసరం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు డల్లాస్‌లో ఉంటారు. అమ్మానాన్నలు అనంతపురంలో ఉన్నారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. అమెరికాలో పెద్దవాళ్ల వ్యవహారాలు చూడడానికే ఎల్డర్ లా అటార్నీలు ఉంటారు కదా, మన దగ్గర అలాంటివాళ్లు దొరుకుతారా అని ఒకటి. నాన్నగారు ఇల్లు మీ తమ్ముడి పేరు మీద రాసేద్దామనుకుంటున్నారు, "లాయరెందుకు, డాక్యుమెంట్ రైటర్ చాలు" అంటున్నారు, ఏం చేయాలి అని రెండోది. ఈ మాట ఎత్తితే ఆయనకు కోపం వస్తోంది, ఎలా చెప్పాలి అని మూడోది.

నేను లాయరును కాను. కడపలో గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. కానీ మా ఇంట్లోనే రెండు సంతకాలు చూశాను. ఒకటి మా చిన్నాయన పెట్టింది, ఇంకొకటి మా అమ్మ పెట్టింది. ఆ రెండింటికీ ఉన్న తేడా చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అమెరికా సంగతి. అక్కడ ఆ లాయర్లకు 1987 నుంచి జాతీయ స్థాయిలో సంఘమే ఉంది. వాళ్ల పనిలో పెద్ద భాగం నర్సింగ్ హోమ్ (అక్కడ ముసలివాళ్లను ఉంచుకుని చూసే చోటు) ఖర్చు, ఆ ఖర్చు భరించే మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకం చుట్టూ తిరుగుతుంది. దరఖాస్తు పెట్టడానికి ముందు ఐదేళ్లలో ఆస్తి ఎవరికైనా ఊరికే ఇచ్చేశారా అని మెడికెయిడ్ వాళ్లు చూస్తారు కాబట్టి, ఎప్పుడు ఏం రాయాలో ముందే లెక్క వేసుకోవాలి. మనకు ఆ బాధ లేదు. కాబట్టి అక్కడి వ్యాసాలు చదివి ఇక్కడ అవే చేయాలనుకోవద్దు. మన బాధ వేరు. ఇక్కడ పెద్దవాళ్లకు ఉన్నదల్లా ఒక ఇల్లు, నాలుగెకరాల చేను, బ్యాంకులో కొంచెం డిపాజిట్. అది బతికుండగానే చేతులు మారిపోవడమే మన ఇళ్లలో జరిగే ప్రమాదం.

మా చిన్నాయనకు ప్రొద్దుటూరులో సొంత ఇల్లు ఉండేది. 2017లో దాన్ని కొడుకు పేరు మీద దాన సెటిల్‌మెంట్ చేశాడు, అంటే బతికుండగానే ఊరికే రాసిచ్చేశాడు. ఎవరూ బలవంతం చేయలేదు. "కొడుక్కే గదమ్మా ఇచ్చేది, పరాయోళ్లకా?" అన్నాడు నాతో. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర కూర్చునే దస్తావేజు లేఖరి దగ్గర ఉన్న నమూనాలో పేర్లు, హద్దులు మార్చి రాయించారు. ప్రేమాభిమానాలతో ఇస్తున్నాననీ, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకోమనీ ఉంది అందులో. చిన్నాయన, చిన్నమ్మ ఆ ఇంట్లో ఉంటారని గానీ, వాళ్లను చూసుకోవాలని గానీ ఒక్క ముక్క లేదు. రాసినాయన తప్పేమీ చేయలేదు. చెప్పిందే రాశాడు. చెప్పింది ఆ కొడుకే, మాకు తమ్ముడు; ఫీజు కట్టిందీ వాడే.

వాడు చెడ్డవాడు కాదు. ఇలాంటి కథల్లో కొడుకు, కోడలు రాక్షసుల్లా కనిపిస్తారు గానీ నేను చూసింది అది కాదు. బట్టల కొట్టు పెట్టి, ఇల్లు చూపించి అప్పు తెచ్చాడు. కరోనా రెండేళ్లలో కొట్టు మునిగిపోయింది. బ్యాంకు నోటీసు గోడకు అంటించిన రోజే చిన్నమ్మకు తెలిసింది ఆ ఇల్లు తమది కాదని. అప్పుడు లాయరు దగ్గరికి వెళ్లారు. చివరికి ఇల్లు పోయింది. ఇప్పుడు అద్దె ఇంట్లో ఉన్నారు, అద్దె వాడే కడుతున్నాడు.

ఆ లాయరు చెప్పినవి నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి మీరూ వినే ఉంటారు. అరవై దాటినవాళ్లు పిల్లల మీద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ ఆర్డీవోనే ట్రిబ్యునల్, దాని పైన కలెక్టరు. నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది. నా కనీస అవసరాలు చూడాలి అనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆ దస్తావేజును మోసంతో రాయించుకున్నట్టుగా భావించి రద్దు చేయవచ్చు.

చిక్కంతా ఆ "షరతు మీద" అన్న దగ్గరే ఉంది. షరతు ఉన్నట్టు చూపించలేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. తర్వాత 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె కేసులో, ఈ చట్టం పెద్దవాళ్ల కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చూడాలని చెప్పి, దానపత్రం రద్దు చేసింది. కానీ ఆ కేసులో చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. మా చిన్నాయన దగ్గర ఏ కాగితమూ లేదు. పైగా మధ్యలో బ్యాంకు ఉంది, అది పిల్లా కాదు, బంధువూ కాదు. ఆర్డీవో దగ్గరికి వెళ్తే నెలకు ఇంత అని వస్తుందేమో గానీ ఇల్లు తిరిగి రావడం కష్టమని లాయరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. చిన్నాయన అర్జీయే పెట్టలేదు. దివాళా తీసిన కొడుకు మీద మళ్లీ కేసేమిటని ఊరుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్లో ఏ పక్షం తరఫునా లాయరు వాదించకూడదు. కేరళ, ఢిల్లీ హైకోర్టులు 2021లో లాయర్లను రానివ్వాల్సిందేనని తీర్పులిచ్చాయి, అది వేరే చర్చ. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే, ముసలివాళ్లకు కోర్టు ఖర్చులు, వాయిదాలు వద్దని. నేను చెప్పేదేమంటే, గొడవ వచ్చాక లాయరు చేయగలిగింది తక్కువ, గొడవకు ముందు చేయగలిగింది చాలా ఎక్కువ. ఆ రోజు లాయరు ఉండి ఉంటే దస్తావేజులో రెండు వాక్యాలు చేర్చేవాడు. మేమిద్దరం బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తే తీసుకునే హక్కు మావేననీ, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీదే ఇస్తున్నామనీ. ఆ వాక్యాలు ఉంటే ఏ బ్యాంకూ ఆ ఇంటి మీద అంత తేలిగ్గా అప్పు ఇచ్చి ఉండేది కాదు.

మీ నాన్నగారు తమ్ముడి మీద అనుమానంతో లాయరును పెట్టినట్టు అవుతుందేమోనని అనుకుంటూ ఉండవచ్చు. అనుమానం తమ్ముడి మీద కాదమ్మా. ఒక్కసారి ఇచ్చేశాక ఆ ఇంటికి తమ్ముడి తలరాత అంటుకుంటుంది. వాడి అప్పులు, వాడి విడాకులు, వాడి చావు, అన్నీ. చావు మాట ఎత్తుతున్నందుకు ఏమనుకోవద్దు. పెళ్లయిన కొడుకు వీలునామా రాయకుండా తండ్రి కంటే ముందు పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం వాడి ఆస్తి భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా వెళ్తుంది. మొదటి తరగతి వారసుల్లో తల్లి ఉంది, తండ్రి లేడు. అంటే తను కట్టిన ఇంట్లో ఆయనకే వాటా ఉండదు. ఈ ఒక్క మాట వినగానే మా ఇంట్లో మగవాళ్లందరూ నిటారుగా కూర్చున్నారు.

ఇక మా అమ్మ కథ. చిన్నాయన ఇల్లు పోయిన మరుసటి ఏడాది అమ్మే అడిగింది, నాది కూడా ఏదో ఒకటి రాసేయండి అని. ఈసారి కడపలో పాతకాలపు సివిల్ లాయరు ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. నేను, అన్న, చెల్లెలు, బావగారు అందరం వెళ్లాం. ఆయన మా అందరినీ చూసి, "అమ్మతో మాట్లాడాలి, మీరంతా బయట కూర్చోండి" అన్నాడు. క్లాసు బయట నిలబెట్టిన పిల్లల మాదిరి వరండాలో కూర్చున్నాం. అన్నకు కొంచెం కోపం కూడా వచ్చింది, తీసుకొచ్చింది మేమే కదా అని.

అమ్మ లోపల చాలాసేపు మాట్లాడింది. మాకెవరికీ ఎప్పుడూ చెప్పని విషయం ఆయనకు చెప్పింది. ఇంటి వెనక భాగం చెల్లెలికి ఇవ్వాలని ఉందట, కానీ అన్న ముందర అంటే ఇంట్లో గొడవవుతుందని ఏళ్ల తరబడి మింగేసింది. మా ముందర కూర్చోబెట్టి అడిగి ఉంటే, "మీరు ఎట్ల చెప్తే అట్లే" అని ఉండేది. మేము అదే అమ్మ ఇష్టమని నమ్మి ఉండేవాళ్లం.

నా దృష్టిలో పెద్దవాళ్లకు లాయరు ఎందుకంటే ఇందుకే. చట్టం తెలిసినవాళ్లు దస్తావేజు లేఖరుల్లో కూడా ఉన్నారు. కానీ ఆ గదిలో పెద్దాయన పక్షాన, కేవలం ఆయన పక్షాన కూర్చునే మనిషి ఒకరు కావాలి. కొడుకు వ్యాపార లెక్కలు చూసే లాయరు అందుకు పనికిరాడు, ఎంత మంచివాడైనా. మీరు డల్లాస్ నుంచి ఫీజు పంపినా సరే, లాయరు మీవాడు కాదు, మీ నాన్నగారి మనిషి. ఆయన లోపల ఏం చెప్పారో మీకు చెప్పాల్సిన అవసరం లాయరుకు లేదు. అమెరికాలో మంచి ఎల్డర్ లా అటార్నీలు కూడా ఇదే పద్ధతి పాటిస్తారు, పిల్లలు తీసుకొచ్చినా క్లయింటు పెద్దాయనే.

ఆ లాయరు అమ్మతో ఇల్లు రాయించలేదు. వీలునామా చాలన్నాడు. తేడా చాలా పెద్దది. సెటిల్‌మెంట్ చేస్తే ఆస్తి ఆ రోజే పోతుంది, మనసు మారినా సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి ఒంటరిగా రద్దు చేసుకోవడం కుదరదు. వీలునామా పోయాకే అమల్లోకి వస్తుంది, బతికుండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడం మంచిదని చేయించాడు. సాక్షులుగా వాటా వచ్చేవాళ్లు వద్దన్నాడు, అమ్మ వయసువాళ్లు కూడా వద్దన్నాడు. రేపు కోర్టులో ఒక్క సాక్షి అయినా వచ్చి చెప్పాలి, వాళ్లు బతికుండాలి కదా. ఆ వారంలోనే డాక్టరు చేత అమ్మ మానసికంగా బాగుందని సర్టిఫికెట్ రాయించాడు. మంచం పట్టినవాళ్లయితే సబ్‌రిజిస్ట్రారును ఇంటికి రప్పించుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉందని కూడా అప్పుడే తెలిసింది. ముసలివాళ్లను ఆటోలో కుదుపుతూ తీసుకెళ్లి ఆ బల్లల మీద గంటలు గంటలు కూర్చోబెట్టేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

చేను దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కులు బయటపడ్డాయి. మన రాయలసీమలో భూమి కాగితం ఒకటి, వాడుక ఒకటి. మా తాత మా మేనత్తకు పసుపు కుంకుమ కింద ఎకరం నోటిమాటగా ఇచ్చాడు. వాళ్లే దున్నుకుంటున్నారు, పాస్‌బుక్కులో మాత్రం అమ్మ పేరే ఉంది. ఇంకో తుంట డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన భూమి, దాని నిబంధనలు వేరు. మామూలు పట్టా భూమిలా ఎప్పుడంటే అప్పుడు ఎవరికంటే వాళ్లకు రాసివ్వడానికి లేదు. ఇక పిత్రార్జితం ఏది, స్వార్జితం ఏది అన్నది తేల్చకుండా వీలునామా రాస్తే, మనది కాని వాటా కూడా రాసినట్టవుతుంది. ఆడపిల్లల వాటా సంగతి మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఒక రూపంలో ఉంది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా పెళ్లయినవాళ్లకు కూడా వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చేసింది. మీ నాన్నగారి ఇంటి స్థలం తాతల నాటిదైతే, మొత్తం తమ్ముడికి రాసేసే హక్కు ఆయనకు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. అందులో మీ వాటా కూడా ఉండవచ్చు. మీకు అక్కర్లేకపోయినా కాగితం మీద తేలాలి, లేకపోతే రేపు తమ్ముడు అమ్మబోతే కొనేవాళ్లే మీ సంతకం అడుగుతారు.

ఇక్కడ ఒక మాట. కడప, కర్నూలులో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. ఇది చదివి వాళ్లు మా అమ్మ వీలునామాలాగే రాయించుకుంటే కుదరదు. వాళ్లకు, వారసులు ఒప్పుకుంటే తప్ప, మూడో వంతు దాకా మాత్రమే వీలునామా చెల్లుతుంది. హిబా, అంటే వాళ్ల దానం, పద్ధతి కూడా వేరు, ఆస్తి స్వాధీనం చేయడం అందులో ముఖ్యం. ఒక నమూనా కాగితం అందరికీ సరిపోదని చెప్పడానికే ఇది రాశాను.

మీరు దూరాన ఉన్నారు కాబట్టి జీపీఏ గురించి, అంటే మన తరఫున పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే అధికారపత్రం గురించి తప్పక చెప్పాలి. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఉంటుంది, రాసినవాళ్లకు మతి తప్పినా అది చెల్లుతుంది. దాన్నే ఇక్కడా రాయించేసి నిశ్చింతగా ఉందామనుకుంటారు మీ దేశంలో ఉన్న మనవాళ్లు. మన 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం, రాసిచ్చినవాళ్లు చనిపోయినా, మతి స్థిమితం తప్పినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అంటే ఎప్పుడు బాగా అవసరమో సరిగ్గా అప్పుడే పనిచేయదు. ఆ తర్వాత ఖాతా ఆపరేట్ చేయాలన్నా, వైద్యానికి స్థలం అమ్మాలన్నా కోర్టు ద్వారా సంరక్షకుణ్ని వేయించుకోవాల్సి వస్తుంది, హైకోర్టు దాకా కూడా వెళ్లాల్సి రావచ్చు. కాబట్టి మతిమరుపు మొదలవుతున్న సూచన ఏమాత్రం ఉన్నా మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు లాయరును కలవండి. బ్యాంకు ఖాతాలు ఇద్దరి పేరున, ఇద్దరిలో ఎవరైనా ఆపరేట్ చేసేలా మార్పించండి. నామినీ పెట్టాం కదా అని ఊరుకోవద్దు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, అది వారసులదే అని షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా విషయంలోనూ 1983లో అదే చెప్పింది గానీ, 2015లో చట్టం మారాక తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే బీమా డబ్బు వాళ్లదే. మా అమ్మ ఖాతాకు నామినీ మా అన్నయ్య. వీలునామాలో ఆ డిపాజిట్లు మా ముగ్గురికీ అని రాయించింది, ఇప్పుడు ఎవరికీ అనుమానం లేదు.

వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్న సంగతి కూడా ముందే రాసి పెట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ముందు సంతకం చాలు. మా అమ్మ మాత్రం ఆ మాట వినడానికే ఇష్టపడలేదు, మేమూ వదిలేశాం.

మన దగ్గర అలాంటి లాయర్లు దొరుకుతారా అంటే, ఆ పేరుతో బోర్డులు కనపడవు. మన లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదన్న నిబంధన ఉంది కాబట్టి గూగుల్లో వెతికితే కూడా పెద్దగా తేలదు. అనంతపురం జిల్లా కోర్టులో భాగ పరిష్కారం దావాలు, వారసత్వం కేసులు ఏళ్లుగా చూస్తున్న సివిల్ లాయరు ఎవరని నలుగురిని అడగండి. వెళ్లిన మొదటి రోజే నాన్నగారితో విడిగా మాట్లాడతారా లేదా చూడండి. మాట్లాడకపోతే ఇంకొకర్ని చూసుకోండి. ఫీజు మాకు డాక్యుమెంట్ రైటర్ ఫీజు కంటే ఎక్కువే అయింది, కానీ ఆ ఇంటి విలువ పక్కన పెడితే లెక్కలోకి రాదు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్లకు జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మీ అమ్మగారు కూడా అక్కడికి వెళ్లవచ్చు. ఫోన్ నంబరు 15100. వేధింపులు, ఒంటరితనం లాంటివైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

ఇక మూడో ప్రశ్న. వీలునామా అన్న మాటే మీ నాన్నగారి ముందర ఎత్తకండి. మన పెద్దవాళ్లకు అది చావు కబురులా వినిపిస్తుంది. ఇంటి ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) ఒకటి తీయించమనండి, చేను ఉంటే పాస్‌బుక్కులో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూపించుకోమనండి. ఏదో ఒక తేడా దాదాపుగా ఉంటుంది. ఆ తేడా సరిచేయించడానికి లాయరు దగ్గరికి ఆయనే వెళ్తారు, అది మగవాళ్లకు నచ్చే పని. అక్కడ కూర్చున్నాక, "ఇల్లు అబ్బాయి పేరున రాద్దామనుకుంటున్నా" అని ఆయనే బయటపడతారు. మిగతాది లాయరు అడుగుతాడు, ఇంట్లో ఆడపిల్ల అడిగితే వచ్చే కోపం అక్కడ రాదు. తమ్ముడికి మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పండి, వాడికి తెలియకుండా జరిగిందని తర్వాత తెలిస్తే అది వేరే గొడవ. ఆ లోపల తొందరపడి ఎక్కడా సంతకం పెట్టవద్దని అమ్మగారితో గట్టిగా చెప్పి ఉంచండి.